నిర్ణయాల పుస్తకం: వ్యాపారంలో విచక్షణ పెంచుకునే పద్ధతి

వ్యాపారం నడిపేవారిలో చాలామంది తమ నిర్ణయం మంచిదో కాదో ఫలితాన్ని బట్టే తేల్చుకుంటారు. ధర పెరిగితే తెలివిగా ఆలోచించామనీ, పడిపోతే కాలం కలిసి రాలేదనీ అనుకుంటారు. ఈ ధోరణి ఉన్నంతకాలం ఎన్నేళ్ల అనుభవమైనా విచక్షణగా మారదు. అందుచేత యజమాని మొట్టమొదట అలవరచుకోవలసింది, ఫలితం తెలియకముందే తన నిర్ణయాన్నీ దాని కారణాలనూ రాసి పెట్టుకోవడం.

గుంటూరు మిర్చి యార్డులో సరుకు కొనే వ్యాపారినే తీసుకుందాం. మార్చిలో తేజ రకం కాయలు ముమ్మరంగా వస్తున్నప్పుడు, కొన్నది వెంటనే అమ్మాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆగాలా అన్న ప్రశ్న ఎదురవుతుంది. ఏది నిర్ణయించినా ఆ రోజే నోటుపుస్తకంలో తేదీ వేసి రాయాలి. “ధర పెరుగుతుందనిపించింది” అని రాస్తే ప్రయోజనం లేదు. “చైనాకు ఎగుమతి చేసేవారు కొనుగోళ్లు పెంచారు, ఖమ్మం వైపు దిగుబడి తగ్గిందని అక్కడి వ్యాపారులు చెబుతున్నారు, కనుక 300 బస్తాలు ఆపుతున్నాను, ఆగస్టు చివరికి క్వింటాలుకు కనీసం 1,000 రూపాయలు పెరగకపోతే సగం అమ్మేస్తాను” అన్నంత స్పష్టంగా ఉండాలి. దాని కిందే గిడ్డంగి అద్దె, బ్యాంకు వడ్డీ, కూలీ, తరుగు అన్నీ కలిపి నెలకు బస్తా మీద ఎంత పడుతుందో లెక్క వేయాలి. ఆ లెక్క పూర్తయ్యేసరికే కొన్ని ఆశలు సడలిపోతాయి.

వీటిలో అన్నిటికన్నా విలువైనది ఆగస్టు గురించిన ఆ చివరి మాట. సరుకు లోపల పెట్టాక మనిషిలో పంతం పుడుతుంది. ధర తగ్గినప్పుడల్లా ఇంకో పది రోజులు చూద్దామనిపిస్తుంది. చూస్తుండగానే కొత్త పంట రాక మొదలవుతుంది. పంతం పుట్టకముందు రాసుకున్న గడువు ఒక్కటే అప్పుడు అడ్డం నిలబడగలదు. అలాగే, ఖమ్మంలో దిగుబడి బాగానే వచ్చినా మరెక్కడో వానలకు పంట దెబ్బతిని ధర పెరిగిందనుకోండి. లాభం వచ్చినా అంచనా తప్పిందనే పుస్తకంలో నమోదు చేయాలి. ఇది మనసుకు కష్టమైన పని. కానీ నా దృష్టిలో ఇక్కడ నిజాయితీ పాటించనివారికి మిగిలిన అలవాట్లేవీ అక్కరకు రావు.

రెండో అలవాటు, తన అభిప్రాయాన్ని చివర చెప్పడం. మచ్చు కాయలు బల్ల మీద పోయగానే యజమాని “రంగు బాగానే ఉందే” అన్నాడంటే, తాలు (రంగు వెలిసిన నాసి కాయలు) ఎక్కువగా ఉందని కనిపెట్టిన కుర్ర గుమాస్తా కూడా నోరు మెదపడు. ముందు అతన్నే “నువ్వేమంటావయ్యా?” అని అడగాలి, ఆ తర్వాత పెద్ద గుమాస్తాను “మీరేమంటారు?” అని అడగాలి. తేమ ఎక్కువని చెప్పి నష్టం తప్పించినవాడిని నలుగురి ముందు మెచ్చుకుంటే, మరుసటి వారం చెడ్డ కబురు కూడా ఆలస్యం లేకుండా యజమాని చెవిన పడుతుంది.

వెనక్కి తీసుకోగలిగిన నిర్ణయాలను కింది వారికి అప్పగించాలి. విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు బాడీ కట్టే షెడ్డులో ఏ దుకాణం నుంచి బోల్టులు తేవాలో మేస్త్రీ తేల్చవచ్చు. అప్పు చేసి కొత్త షెడ్డు తీసుకోవాలా అన్నది మాత్రం యజమాని తీరిగ్గా, ఒక రాత్రి గడిచాక తేల్చవలసిన విషయం. ఎంత మొత్తం వరకు అడగకుండా ఖర్చు పెట్టవచ్చో రూపాయల్లో చెప్పాలి.

బాకీల విషయంలో మాట తప్పకూడదు. చిన్న సంస్థల కోసం తెచ్చిన 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం కింద, ఉద్యం నమోదు (కేంద్ర ప్రభుత్వం వద్ద చేయించుకునే సంస్థ నమోదు) ఉన్న సూక్ష్మ, చిన్న తయారీదారులకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా, లేకపోతే 15 రోజుల్లోపే చెల్లించాలి. ఆ తేదీలను క్యాలెండరులో ముందుగానే గుర్తు పెట్టుకోవాలి.

యార్డుకు వేసవి సెలవులు ఇచ్చినప్పుడు పుస్తకాన్ని మొదటి నుంచి చదవాలి. లాభనష్టాలను పక్కన పెట్టి, ఏ రకం కారణం పదే పదే తప్పుతోందో చూడాలి. ఒకే వ్యక్తి చెప్పిన కబురు మీద ఆధారపడినవే ఎక్కువగా తప్పి ఉంటే, వచ్చే సీజనులో అటువంటి కబురును మరో ఇద్దరితో సరిచూసుకోనిదే సరుకు ఆపకూడదని పుస్తకం మొదటి పేజీలో రాసుకోవాలి.