సైకిలు సీటు కింద సంచి ఎంత ఉండాలి?

సంచి కొనే ముందు అందులో పెట్టాల్సినవన్నీ బల్ల మీద పరిచి చూడండి. నావి ఇవి: ఒక ట్యూబు, రెండు టైరు లీవర్లు (టైరును చక్రం నుంచి ఊడదీసే పుల్లలు), పంక్చరు అతుకులు, మరలు విప్పే మడత పనిముట్టు, కొంచెం డబ్బు. పంపు సైకిలు ఫ్రేముకే ఉంటుంది. వీటికి లీటరు సంచి ధారాళంగా సరిపోతుంది.

నేను మొదట రెండు లీటర్లది కొన్నాను. చోటుందని అరటిపండు కూడా పెట్టాను. దాని గతి అడగకండి. అంతకంటే పెద్ద నష్టం వేరే ఉంది. ఖాళీలో పనిముట్టు దొర్లి దొర్లి కొత్త ట్యూబుకే చిల్లు పెట్టింది. దారిలో టైరు విప్పి, ట్యూబు మార్చి, చెమటలు కక్కుతూ పంపు కొడితే గాలి నిలవలేదు. అప్పటినుంచి ట్యూబును పాత మేజోడులో దూర్చి పెడుతున్నాను.

సీటు కింది కమ్మీలకు రెండు పట్టీలు, సీటు గొట్టానికి ఒకటి ఉన్న సంచి ఊగదు. నింపి, బిగించి, వెనక చక్రాన్ని జానెడు ఎత్తి వదలండి. గలగలమంటే లోపల గుడ్డముక్క కుక్కండి. సంచికీ టైరుకూ మధ్య నాలుగు వేళ్ల సందు ఉండాలి. వెనక సస్పెన్షన్ (కుదుపు తగ్గించే స్ప్రింగు) ఉంటే చక్రం పైకి లేస్తుంది కాబట్టి ఇంకా ఎక్కువ కావాలి. పట్టీ వెల్క్రో కొస బయటకు పొడుచుకొస్తే నిక్కరును తొడ లోపలి వైపు గీరి నూలు లేపేస్తుంది.

జిప్పు మీద మడత లేకపోతే చక్రం చిమ్మే బురద పళ్లలో చేరుతుంది. వెనక ఎర్రదీపం తగిలించడానికి సంచికి కుట్టిన పట్టీ మెత్తగా ఉంటే దీపం నేలచూపులు చూస్తుంది. నేను దీపాన్ని సీటు గొట్టానికే బిగించాను.