కరీబియన్ క్రూయిజ్ ఎక్కేముందు జాగ్రత్తలు

అమెరికా వచ్చిన అమ్మానాన్నలను మయామీ నుంచి క్రూయిజ్‌కి తీసుకెళ్తున్నారా? ముందు పాస్‌పోర్టులు తీయండి. ఓడ వేరే దేశాలకు వెళ్లి తిరిగొస్తుంది కాబట్టి వాళ్ల అమెరికా వీసా మల్టిపుల్ ఎంట్రీ అయి ఉండాలి. దారిలో ఆగే ప్రతి దేశం నియమాలూ విడిగా చూసుకోండి. ఈ ఒక్కటీ సరిగ్గా ఉంటే సగం టెన్షన్ తీరినట్టే.

- హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. అప్పుడు వెళ్తే రూటు మారవచ్చు. ఇన్సూరెన్స్ తీసుకోండి.
- మయామీకి ఒకరోజు ముందే చేరండి.
- బీపీ, షుగర్ మందులు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే. పెద్ద పెట్టెలు గదికి వచ్చేసరికి సాయంత్రం కావచ్చు.
- రైస్ కుక్కర్, ఇస్త్రీ పెట్టె వద్దు. అగ్నిప్రమాద భయంతో తీసేసుకుంటారు.
- సముద్రంలో ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లోనే ఉంచండి. రోమింగ్ బిల్లు వాచిపోతుంది.
- మిలిటరీ డిజైన్ బట్టలు పెట్టుకోకండి. జమైకా, బార్బడోస్‌లలో మామూలు జనం వాటిని వేసుకోవడం చట్టవిరుద్ధం.

బీచ్‌లో పిల్లల మీద ఓ కన్నేయండి. అక్కడ మాంచినీల్ అనే చెట్టు ఉంటుంది. కాయలు చిన్న పచ్చ ఆపిల్‌లా ముద్దొస్తాయి, కానీ విషం. పాలు తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది. వానకు దాని కింద నిలబడ్డా అంతే. చాలాచోట్ల కాండానికి ఎర్ర రంగు పూస్తారు. ఆ గుర్తు పిల్లలకు ముందే చెప్పి ఉంచండి.

ఒడ్డు టైమ్, ఓడ టైమ్ ఒకటి కాకపోవచ్చు. దిగేముందు వాచీని ఓడ టైమ్‌తో సరిచూసుకోండి.