‘మాడీ’ సినిమా చూసి, చెక్కముక్క మీద బొమ్మ వేద్దాం

వేసవి సెలవుల్లో మా వీధి పిల్లలకు డ్రాయింగ్ చెబుతుంటాను. ఈసారి మొదటిరోజు బ్రష్ ముట్టనివ్వకుండా ‘మాడీ’ చూపించాను. కెనడాలోని నోవా స్కోషియాలో బతికిన మాడ్ లూయిస్ అనే చిత్రకారిణి కథ. 2016లో వచ్చింది. మాడ్‌గా సాలీ హాకిన్స్ చేసింది. భర్త ఆమెను చెంపమీద కొట్టే ఘట్టం ఒకటుంది, చిన్నపిల్లలైతే పక్కన కూర్చుని చూపించండి.

చూస్తున్నంతసేపూ ఆమె చేతులు గమనించమని చెప్పండి. చిన్నతనంలోనే పట్టుకున్న కీళ్లవాతంతో మాడ్ వేళ్లు వంకర్లు పోయాయి. చెయ్యి అందినంత మేరే బొమ్మ, అందుకే అన్నీ చిన్న చిన్న పలకలే.

మనమూ అలాగే మొదలుపెడదాం. వడ్రంగి దగ్గర అడుగు పొడవుండే ప్లైవుడ్ ముక్క అడగండి, ఊరికే ఇస్తాడు. గరుకు కాగితంతో రుద్ది, తెల్ల ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) వేసి రాత్రంతా ఆరనివ్వండి. పోయినేడు నేను ఆత్రపడి గంటకే గీయించాను. పెన్సిల్ ములుకు పచ్చి పెయింట్‌లో దిగబడి పిల్లి మీసాలన్నీ గాట్లయ్యాయి.

ఆరాక పెన్సిల్‌తో గీతలు. మాడ్ పిల్లుల్ని, పడవల్ని, మంచు మీద జారే మంచుబండ్లని వేసేది. మంచుబండి మా పిల్లలకు అర్థం కాలేదు గానీ, కాడి కట్టిన ఎడ్ల జతను చూడగానే పెన్సిళ్లు అందుకున్నారు.

ఇక రంగులు. నాలుగైదు చాలు. మాడ్ రంగులు కలిపేది కాదు, ట్యూబులోది ఉన్నదున్నట్టు పూసేది. నీడలూ వేసేది కాదు. మంచు కురుస్తున్న బొమ్మలో కూడా చెట్లకు ఎర్రటి ఆకులు పెట్టేది. నాకు కష్టమైంది ఇక్కడే. ‘నీడేదిరా?’ అని జీవితమంతా పిల్లల్ని అడిగినవాణ్ణి. ‘మేస్టారూ, ఎండ ఎటునుంచి?’ అని ఒకడు అడిగితే, ‘ఎటూ లేదు, పూసెయ్’ అన్నాను. వాడు నావైపు అనుమానంగా చూశాడు.

ఎనామిల్ (తలుపులకు వేసే నూనె రంగు) వాడితే కిటికీలు తెరిచి, బ్రష్‌లు టర్పెంటైన్‌తో మీరే కడగండి. చిన్నపిల్లలకు నీళ్లతో కలిపే అక్రిలిక్ రంగులు ఇవ్వండి.

మాడ్ బతికుండగా రెండు మూడు డాలర్లకు బొమ్మలు అమ్మింది. ఒకప్పుడు హోటలువాళ్లు చీజ్ శాండ్‌విచ్‌లకు మారుగా తీసుకున్న ఆమె నల్ల ట్రక్కు బొమ్మ 2022 వేలంలో 3,50,000 కెనడా డాలర్లు పలికింది. ఇది పిల్లలకు చివర్లో చెప్పండి, ముందే చెబితే బొమ్మ మానేసి లెక్కలు వేస్తారు.

మిగిలిన రంగు పారబోయకండి. ఆవిడ తన ఒంటిగది ఇంట్లో తలుపు, పొయ్యి, కిటికీ అద్దం దేన్నీ వదల్లేదు. ఆ ఇల్లు ఇప్పుడు హాలిఫాక్స్‌లో ఆర్ట్ గ్యాలరీ లోపల ఉంది. మా బియ్యం డబ్బా మీద ప్రస్తుతం మూడు నల్ల పిల్లులున్నాయి. మా ఆవిడ రెండ్రోజులు గొణిగింది. నిన్న మాత్రం వంటింటి తలుపు ఎప్పుడు వేస్తారని అడిగింది.