మీ లెన్స్ రంగుని, కాంట్రాస్ట్‌ని, స్పష్టతని ఏం చేస్తోందో ఇంట్లోనే ఎలా పరీక్షించాలి?

లెన్స్ గురించి ఎవరైనా మొదట అడిగేది "షార్ప్‌గా వస్తుందా?" అనే. నన్నడిగితే ముందు చూడాల్సింది కాంట్రాస్ట్, అంటే నలుపుకీ తెలుపుకీ మధ్య కనిపించే తేడా. ఎంత సన్నని గీతనైనా విడదీసి చూపించే లెన్స్ కూడా, నలుపు మీద పల్చటి తెర కప్పేస్తే ఫొటోని చప్పగా మార్చేస్తుంది. రంగుల సంగతీ చాలావరకు ఇక్కడే తేలుతుంది. పరీక్షకి ట్రైపాడ్, నల్లబట్ట, టేబుల్ ల్యాంప్, వార్తాపత్రిక, కొలతల స్కేలు ఉంటే చాలు.

ముందు కెమెరా సెట్టింగ్స్

రా ఫార్మాట్‌లో (సెన్సర్ పట్టింది దాదాపు మార్చకుండా దాచే ఫైల్) తీయండి. ఐఎస్ఓ (వెలుగుకి సెన్సర్ స్పందన) తక్కువగా, ఎక్స్‌పోజర్ (ఫొటోకి అందే వెలుగు) మాన్యువల్‌లో ఉండాలి. వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగులు సర్దే సెట్టింగ్) ఆటోలో వద్దు, డేలైట్‌లో పెట్టండి. ఆటోలో ఉంటే లెన్స్ వల్ల వచ్చే రంగు తేడాని కెమెరానే సర్దేస్తుంది, మనకేమీ కనపడదు. మెనూలోనూ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనూ లెన్స్ లోపాల్ని సర్దేసే లెన్స్ కరెక్షన్లు ఆపేయండి. 2 సెకన్ల టైమర్ వాడితే చెయ్యి తగిలి కెమెరా కదలదు.

1. కాంట్రాస్ట్

గోడకి నల్లబట్ట తగిలించి ఫ్రేమ్ నిండా పట్టండి. ల్యాంప్‌ని ఫ్రేమ్‌కి కాస్త బయట, వెలుగు బట్ట మీద కాకుండా నేరుగా లెన్స్ ముందు గాజు మీద పడేలా పెట్టండి. ఒక ఫొటో తీయండి. తర్వాత ఆ వెలుగు గాజు మీద పడకుండా అరచెయ్యి అడ్డుపెట్టి, అదే ఎక్స్‌పోజర్‌తో ఇంకొకటి తీయండి. చెయ్యి ఫ్రేమ్‌లోకి రాకూడదు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మొదటి దాంట్లో నలుపు బూడిదరంగులోకి తిరిగి ఉంటుంది. ఆ తేడాయే మీ లెన్స్ కప్పే తెర.

ఇది ఎందుకొస్తుందంటే, కోటింగ్ లేని గాజు ఉపరితలం ఒక్కొక్కటీ తన మీద పడిన వెలుగులో సుమారు 4 శాతాన్ని వెనక్కి కొడుతుంది. అలాంటి ఉపరితలాలు పది ఉంటే అవతలికి నేరుగా చేరేది మూడింట రెండొంతులే. మిగతాదాంట్లో కొంత లోపలే అటూ ఇటూ తిరిగి సెన్సర్ మీద పొగలా పరుచుకుంటుంది. జర్మనీకి చెందిన జైస్ కంపెనీలో పాల్ రుడాల్ఫ్ 1896లో రూపొందించిన ప్లానార్ లెన్స్ చక్కటి డిజైన్. కానీ దాంట్లో గాలికి తగిలే గాజు ఉపరితలాలు ఎనిమిది. ఆరే ఉన్న 1902 నాటి టెస్సార్ లెన్స్ దానికంటే ఎక్కువ ఆదరణ పొందింది. 1935లో అదే కంపెనీలో అలెగ్జాండర్ స్మకులా ప్రతిబింబాలు తగ్గించే కోటింగ్ కనిపెట్టాకే ఎక్కువ గాజులున్న డిజైన్లకి అసలు దారి దొరికింది. పదిహేను, ఇరవై గాజులున్న నేటి జూమ్‌లు బతికేది కోటింగ్ మీదే.

లెన్స్ ముందు ఫిల్టర్ వాడేవాళ్లు అది పెట్టి ఒకసారి, తీసి ఒకసారి ఇదే పరీక్ష చేయండి. ఫిల్టర్ అంటే ఇంకో రెండు ఉపరితలాలు.

2. స్పష్టత

వార్తాపత్రిక పేజీల్ని ఫ్రేమ్ మూలల దాకా వచ్చేలా గోడకి ముడతల్లేకుండా అంటించండి. 50 ఎంఎం లెన్స్ అయితే రెండు, రెండున్నర మీటర్ల దూరంలో కెమెరాని గోడకి తిన్నగా నిలపండి. స్క్రీన్ మీద పెద్దది చేసుకుని ఫోకస్ చేసి, అపెర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి మొదలుపెట్టి, బాగా చిన్నదైన ఎఫ్/16 దాకా ఒక్కో స్టాప్ (ప్రతిసారీ వెలుగు సగం) తగ్గిస్తూ తీయండి. ఎక్స్‌పోజర్ అంతే ఉండాలంటే ఆ మేరకు షట్టర్ టైమ్ పెంచుకుంటూ పోవాలి.

పూర్తిగా తెరిచినప్పుడు అక్షరాలు విడివిడిగానే కనపడతాయి గానీ, చుట్టూ మసక వెలుగు అలుముకుని ఉండొచ్చు. గాజు అంచుల్లోంచి వచ్చే కిరణాలు మధ్యలోంచి వచ్చేవాటితో ఒకే బిందువు దగ్గర కలవకపోవడమే కారణం. వివరం పోకముందే కాంట్రాస్ట్ పోతుందని ఇక్కడ కళ్లారా చూడొచ్చు. రెండు స్టాప్‌లు తగ్గిస్తే ఇది చాలావరకు పోతుంది. మూలలు మసగ్గా ఉంటే మూల మీదే ఫోకస్ చేసి మళ్లీ తీయండి. అప్పుడు బాగుంటే ఆ లెన్స్ ఫోకస్ తలం వంపుగా ఉందన్నమాట. నాలుగు మూలల్లో ఒక్కటే పాడుగా ఉంటే మాత్రం తప్పు డిజైన్‌ది కాకపోవచ్చు, లోపల ఏదో గాజు పక్కకి జరిగి ఉండొచ్చు. కెమెరా తిన్నగా ఉందని నిర్ధారించుకున్నాక షాపువాళ్లకి చూపించండి.

ఎఫ్/16 దగ్గర మళ్లీ మెత్తబడటానికి కారణం డిఫ్రాక్షన్, అంటే చిన్న రంధ్రంలోంచి వెళ్లే వెలుగు పక్కలకి పరుచుకోవడం. అక్కడ ఒక్క చుక్క ఆకుపచ్చ వెలుగు సుమారు 21 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) వెడల్పుకి పరుచుకుంటుంది. 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ (36×24 ఎంఎం) సెన్సర్‌లో పిక్సెల్ 6 మైక్రాన్లే. ఎంత ఖరీదైన లెన్స్‌కైనా ఇది తప్పదు.

3. రంగు

స్కేలుని టేబుల్ మీద ఏటవాలుగా పెట్టి, మధ్య అంకె మీద ఫోకస్ చేసి, అపెర్చర్ పూర్తిగా తెరిచి తీయండి. ఫోకస్‌కి ముందున్న గీతల అంచులు ఊదాగా, వెనకవి ఆకుపచ్చగా కనిపిస్తే, రంగులన్నీ ఒకే దూరంలో ఫోకస్ కావడం లేదు. ఎరుపు, నీలం గాజులో వేర్వేరుగా వంగుతాయి కాబట్టి డిజైనర్లు రెండు రకాల గాజుల్ని జతచేస్తారు, ఖరీదైనవాటిలో రంగుల్ని తక్కువగా విడదీసే ప్రత్యేక గాజు వాడతారు. ఈ దోషం అపెర్చర్ తగ్గిస్తే తగ్గుతుంది. ఫ్రేమ్ మూలల్లో కొమ్మల అంచున కనిపించే రంగుగీతలు వేరు. అవి అపెర్చర్‌తో పోవు, సాఫ్ట్‌వేర్‌లో ఒక్క క్లిక్‌తో పోతాయి.

లెన్స్ మొత్తంగా కాస్త పసుపుకో నీలానికో మొగ్గడం గురించి పెద్దగా టెన్షన్ పడొద్దు, వైట్ బ్యాలెన్స్‌తో సరిపోతుంది. "ఈ లెన్స్‌లో రంగులు భలే వస్తాయి" అని ఎవరైనా అంటే మాత్రం ముందు ఆ లెన్స్‌తో నల్లబట్ట ఫొటో తీయండి. తెర తక్కువైతే రంగుల్లో తెలుపు కలవదు, అందుకే అవి చిక్కగా వస్తాయి.