గాలి దారి కొలుద్దాం – 3వ పాఠం: గ్లోబు మీద దారం

పోయిన పాఠంలో రాజమండ్రి నుంచి రష్యాలోని నోవోసిబిర్స్క్‌కి దూరం కట్టాం. రెండూ ఇంచుమించు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి కాబట్టి తేలిగ్గా తేలిపోయింది. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు, 360తో భాగిస్తే డిగ్రీకి 111. అక్షాంశాలు 17, 55. తేడా 38 డిగ్రీలు, అంటే 4,218 కిలోమీటర్లు.

ఈసారి కువైట్. కోనసీమలో ఏ ఊరు తీసుకున్నా గల్ఫ్‌లో మనిషి ఉన్న ఇల్లు ఒకటైనా ఉంటుంది. "నాన్న ఎంత దూరంలో ఉన్నాడు?" అని పిల్లలు అడిగితే గోడ మ్యాపు మీద స్కేలు పెట్టి చెప్పకండి. గుండ్రటి భూమిని కాగితం మీద పరిచినప్పుడు దూరాలు సాగిపోతాయి.

గ్లోబు తీసుకోండి. రాజమండ్రి దగ్గర దారం కొస వేలితో అదిమిపట్టి, రెండో కొసను కువైట్ దాకా బిగుతుగా లాగండి. కాస్త వదులైనా లెక్క చెడిపోతుంది. కువైట్ దగ్గర గోటితో గుర్తు పెట్టి, అదే దారాన్ని భూమధ్యరేఖ మీద పరిచి ఎన్ని డిగ్రీలు వచ్చాయో చూడండి. 33 పైచిలుకు వస్తుంది. 111తో గుణిస్తే దాదాపు 3,700 కిలోమీటర్లు. గ్లోబు లేకపోతే పెద్ద ప్లాస్టిక్ బంతి, అదీ లేకపోతే బాగా గుండ్రంగా ఉన్న పంపరపనస కాయ. నడుం చుట్టూ దారం చుట్టి ఆ పొడవును 36 భాగాలు చేస్తే ఒక్కో భాగం 10 డిగ్రీలు.

ఇప్పుడు కాగితం మీద సరిచూద్దాం. రాజమండ్రి 17 ఉత్తరం, 82 తూర్పు. కువైట్ 29 ఉత్తరం, 48 తూర్పు. నిలువు తేడా 12 డిగ్రీలు, అంటే 1,332 కిలోమీటర్లు. అడ్డం తేడా 34 డిగ్రీలు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఉత్తరానికి పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరపడతాయి, ధ్రువం దగ్గర కలిసిపోతాయి. అందుకని అడ్డం డిగ్రీకి 111 వేయకూడదు. రెండు ఊళ్ల నడిమి అక్షాంశం 23. దాని కొసైన్ (ఆ అక్షాంశం దగ్గర అడ్డం డిగ్రీ ఎంతకి తగ్గుతుందో చెప్పే అంకె, కాలిక్యులేటర్‌లో cos) 0.92. 111ని దానితో గుణిస్తే 102. అప్పుడు అడ్డం దూరం 3,468. రెండు దూరాల వర్గాలూ కూడి వర్గమూలం తీస్తే 3,715. దారం చెప్పిందీ అదే! కొసైన్ మరిచిపోయి ఉంటే 4,000 వచ్చేది.

విమానం మధ్యలో మారాల్సి వస్తే రెండు ముక్కలూ విడివిడిగా కొలిచి కలపండి.

ఈ కాగితం లెక్క మరీ దూరాలకు పనికిరాదు. హైదరాబాద్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకి ఇలా కడితే 15,800 వస్తుంది, అసలు దూరం 13,500 దగ్గర. దారం లాగి చూడండి, నేరుగా తూర్పుకి పోదు. ఉత్తరానికి ఎగబాకి, సైబీరియా మీదుగా వంగి అమెరికాలో దిగుతుంది. నాకు ఈ పాఠం మొత్తంలో ఎక్కువ ఇష్టమైన క్షణం అదే. మీ చేత్తో మీరే లాగి చూస్తేగానీ నమ్మబుద్ధి కాదు.

అభ్యాసం: రాజమండ్రి నుంచి సింగపూర్. సింగపూర్ 1 ఉత్తరం, 104 తూర్పు. దారంతో ఒకసారి, కాగితం మీద ఒకసారి కొలవండి. రెంటికీ ఒక డిగ్రీ కంటే, అంటే 111 కిలోమీటర్ల కంటే ఎక్కువ తేడా వస్తే దారం మళ్లీ బిగించి చూడండి. జవాబు 4వ పాఠం మొదట్లో ఇస్తాను.