క్యాథలిక్ హైస్కూల్లో కోర్సులు ఎంచుకునే ముందు

అమెరికాలో పిల్లల్ని క్యాథలిక్ హైస్కూల్లో చదివిస్తున్న మనవాళ్లు, వచ్చే ఏడాది కోర్సుల ఫారం మీద సంతకం పెట్టేముందు ఇవి చూసుకోండి.

• ట్రాన్‌స్క్రిప్ట్ (ఇప్పటిదాకా చదివిన కోర్సులు, గ్రేడుల పట్టిక) తెప్పించుకుని, స్కూలు హ్యాండ్‌బుక్ పక్కన పెట్టి క్రెడిట్లు (పూర్తిచేసిన కోర్సులకు వచ్చే లెక్క) లెక్కేయండి. థియాలజీ, అంటే మతబోధన, చాలా స్కూళ్లలో నాలుగేళ్లూ తప్పనిసరి. పిల్లలు వేరే మతం వాళ్లయినా సాధారణంగా మినహాయింపు ఉండదు. అందుకే ఇతర ఐచ్ఛికాలకు ఖాళీ తక్కువ.

• సేవా గంటలు (సమాజసేవకు పిల్లలు వెచ్చించాల్సిన గంటలు) అడిగే స్కూలైతే, ఎక్కడ చేస్తే లెక్కలోకి వస్తాయో ముందే కనుక్కోండి. గుళ్లో అన్నదానం దగ్గర వడ్డిస్తే ఒప్పుకుంటారా? అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి.

• అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సులు) విషయంలో మనవాళ్ల తొందర పిల్లల్ని నలిపేస్తోంది. పక్కింటి అబ్బాయి ఐదు తీసుకున్నాడని మీ అమ్మాయికి ఐదు రాయించకండి. కాల్‌క్యులస్‌కు ముందు ప్రీకాల్‌క్యులస్, దానికి ముందు ఆల్జీబ్రా 2 అయ్యాయా చూడండి. పరీక్షలు మేలో ఉన్నా, ఏడాది పొడవునా సాగే కోర్సుల పరీక్షలకు నమోదు నవంబరులోనే ముగుస్తుంది. స్కోరు 1 నుంచి 5 దాకా. కొన్ని కాలేజీలు 3కి క్రెడిట్ ఇస్తాయి, కొన్ని 5 వస్తే తప్ప ఇవ్వవు.

• కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం మీద ఆశ ఉంటే స్కూలు డిప్లొమా ఒక్కటే చాలదు. వాళ్లు చెప్పిన, ఒక్కోటి ఏడాది సాగే 15 కోర్సుల్లో కనీసం సీ గ్రేడు రావాలి, వాటిలో 11 కోర్సులు పన్నెండో తరగతికి ముందే అయిపోవాలి.

• మధ్యలో కోర్సు మానేయడానికి ఆఖరి తేదీ ఎప్పుడో, మానేస్తే ట్రాన్‌స్క్రిప్ట్ మీద ఏం పడుతుందో కౌన్సెలర్‌ని అడగండి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని.