మొక్కలు ఎండిపోతుంటే తాటి టెంకలు పెట్టండి

నెల్లూరు జిల్లా మైపాడు వైపు మా ఊళ్లో ఏటా కాలవ గట్టున మొక్కలు నాటేవాళ్లం. రోహిణి కార్తెకల్లా నీళ్లు పోసే దిక్కులేక ఎండిపోయేవి, ప్రాణం ఉసూరుమనేది. ఇప్పుడు తాటి టెంకలు పెడుతున్నాం, రూపాయి ఖర్చు లేదు. భాద్రపదంలో రాలిన పండ్లు ఏరి, గుజ్జు తీసేసి, మనకు అసలు వానలు పడే అక్టోబరుకు ముందే జానెడు గుంటలో ఒక్కో టెంక, 10 అడుగుల ఎడంతో పాతాలి. మొలక ముందు కిందికే దిగుతుంది, ఆకు తర్వాతే. నెలలపాటు ఏమీ కనపడకపోయినా తవ్వొద్దు. తేగల కోసం పిల్లలు పీకేస్తారు, వాళ్లనే కాపలా పెట్టండి, బాగా చూసుకుంటారు. నీళ్లు నిలిచే పల్లంలో మాత్రం పెట్టకండి, టెంక కుళ్లిపోతుంది.